నడిసంద్రమున భోజనము

ఇంటిలో ఉప్పు నిండుకొన్నచో పొరుగింటికి పోయి చేబదులు తెచ్చుకొందుము. పప్పు లేనిచో వీథి చివరనున్న కొట్టునకు పిల్లవానిని పంపుదుము. నడిసంద్రమున పొరుగిల్లు లేదు, కొట్టును లేదు. పడవ రేవు విడిచిన క్షణమున అందులో ఏమి యున్నదో అదియే తిరిగి వచ్చువఱకు ఆధారము. ఇంట మఱచిన అగ్గిపెట్టె కొఱకు పడవ వెనుకకు తిరుగదు. కనుకనే సముద్రయానము చేయువారికి చుక్కానిని గూర్చిన జ్ఞానమెంత అవసరమో, ఆహారసామగ్రిని గూర్చిన జ్ఞానమును అంత అవసరము.

మన గంజాం తీరమున పెరిగిన విద్యార్థులకు ఇది దూరదేశపు ముచ్చట కాదు. గోపాలపురమునందును, పూరీలోని పెంటకోటయందును తరతరములుగా నివసించు తెలుగు జాలరులు, ఒడియా సోదరులు నోలియాలని పిలుచువారు, అలలపై జీవనము సాగించువారే. ఈ పత్రిక చదువు ఇండ్లలో కొన్నిటనైనను వేకువజామున పడవ నెక్కు తండ్రియో, అన్నయో యుండును. వారి మూటలో ఏమి యుండవలెను? ఏల యుండవలెను? ఈ చిన్న ప్రశ్నలకు సరియైన సమాధానము దొరకువఱకు వేలకొలది నావికులు ప్రాణములు కోల్పోయిరి. ఆ కథను, దానినుండి మనము నేర్వదగిన పద్ధతిని ఈ వ్యాసమున వివరింతును.

ఆహారము ఏల చెడును?

వండిన అన్నము మఱునాటికి పులియును. కూర బూజు పట్టును. చేప కొన్ని గంటలలోనే వాసన వేయును. వీటికి ముఖ్యకారణము కంటికి కనబడని సూక్ష్మజీవులు. అవి పెరుగుటకు తేమ కావలెను, వెచ్చదనము కావలెను, అనుకూలమైన ఆహారము కావలెను. వీనిలో ఏదో యొకటి లేకుండ చేసినచో వాని ఆట కట్టును. ఆహారమును నిలువచేయు పద్ధతులన్నియు ఈ ఒక్క సూత్రముపైననే ఆధారపడియున్నవి.

సూక్ష్మజీవుల పేరు వినకపోయినను మన పెద్దలు ఈ సూత్రమును ఆచరణలో ఎఱిగియే యుండిరి. చేపను ఉప్పువేసి ఎండబెట్టినచో తేమ తొలగును. మామిడికాయ ముక్కలలో ఉప్పు, కారము, ఆవపిండి, నూనె కలిపి జాడీకెత్తినచో పులుపు, ఉప్పు, నూనె కలిసి కాపాడును. ధాన్యమును నానబెట్టి, వేయించి, రోటిలో దంచినచో అటుకులు సిద్ధమగును. ఒడియా సోదరులు చుడా అనునది ఇదియే. అటుకులలోని బియ్యము అప్పటికే వేడికి ఉడికినట్టిది. నీరు చల్లి, బెల్లపుముక్క నంజుకొన్నచో పొయ్యి లేకుండ భోజనము పూర్తియగును. ‘వెంటనే తినదగిన ఆహారము’ అని నేడు అంగళ్లలో అమ్మునది మనకు క్రొత్త కాదన్నమాట.

ఉదయము పోయి సాయంకాలమునకు తిరిగివచ్చు పడవకు చద్దన్నము, ఉల్లిపాయ, ఎండుచేప చాలును. కాని పారాదీపు వంటి పెద్ద రేవులనుండి బయలుదేరు మరపడవలు అనేక దినములు సముద్రముననే యుండును. అట్టి ప్రయాణమునకు చద్దిమూట చాలదు.

తెరచాప ఓడల నాటి కష్టములు

యూరోపు దేశముల ఓడలు మహాసముద్రములను దాటిన కాలమున నావికుల ఆహారము మిక్కిలి దీనముగా నుండెడిది. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు నౌకాదళమున ఒక్కొక్క నావికునకు దినమునకు ఒక పౌను గట్టి బిస్కత్తు ఇచ్చెడివారు. దానికి తోడు ఉప్పులో ఊరవేసిన మాంసము, ఎండుబఠాణీలు. నెలలు గడచినకొలది బిస్కత్తులలో ముక్కపురుగులు చేరెడివి. పీపాలలోని మంచినీరు కంపు కొట్టెడిది.

అంతకంటె పెద్ద ఆపద మఱియొకటి కలదు. తాజా కూరలు, పండ్లు లేక కొన్ని నెలలు గడచినచో నావికుల చిగుళ్లు వాచి నెత్తురు కారెడిది, పండ్లు కదలెడివి, ఎప్పుడో మానిన గాయములు మరల పగిలెడివి, తుదకు ప్రాణము పోయెడిది. ఇదియే స్కర్వీ వ్యాధి. ఆన్సన్ అను ఆంగ్ల నౌకాధిపతి 1740లో దాదాపు 1,900 మందితో బయలుదేరి, భూప్రదక్షిణము చేసి 1744లో తిరిగివచ్చెను. ఈ నాలుగేండ్లలో అతని మనుష్యులలో మూడింట రెండు వంతులకంటె ఎక్కువమంది మరణించిరి. వారిలో శత్రువుల చేత చచ్చినవారు బహుస్వల్పులు. అత్యధికులు వ్యాధిచేతనే మరణించిరి. వారిని మ్రింగినది ఫిరంగి కాదు, నిమ్మకాయ కొఱత.

1747లో జేమ్స్ లిండ్ అను ఓడ వైద్యుడు స్కర్వీ సోకిన పన్నెండుగురు నావికులను ఇద్దరిద్దరుగా ఆఱు జట్లు చేసి, ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క మందు ఇచ్చి చూచెను. నారింజలు, నిమ్మకాయలు తిన్న జట్టు కొద్ది దినములలోనే కోలుకొనెను. ఇంత స్పష్టమైన ఫలితము కనబడినను, ఇంగ్లండు నౌకాదళము నిమ్మరసమును నియమముగా ఇచ్చుటకు 1795 వఱకు జాగుచేసెను. సత్యము తెలిసిన నాటికిని, దానిని పాటించిన నాటికిని నడుమ నలుబదియెనిమిది సంవత్సరములు గడచినవి. నిమ్మరసములోని రక్షకపదార్థము సి విటమిను అని ఇరువదవ శతాబ్దమునగాని తెలియలేదు.

సీసానుండి రేకుడబ్బాకు

ఆహారమును ఎండబెట్టకుండ, ఉప్పులో ముంచకుండ, వండినది వండినట్లే నిలువచేయు మార్గము కనుగొన్నవాడు నికొలా అప్పేర్ అను ఫ్రెంచి మిఠాయి పనివాడు. ఆయన ఆహారమును గాజుసీసాలలో నింపి, బిరడాలు బిగించి, మఱుగు నీటిలో చాలసేపు ఉడికించెను. ఫ్రెంచి నౌకాదళమువారు ఆ సీసాలను ఓడలపై పంపి పరీక్షించిరి. 1810లో ప్రభుత్వము ఆయనకు 12,000 ఫ్రాంకులు బహుమానమిచ్చెను. తన పద్ధతిని దాచక ఆయన ఆ సంవత్సరమే గ్రంథరూపమున ప్రకటించెను. అది ఏల పనిచేయుచున్నదో మాత్రము ఆయనకును తెలియదు. సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చర్ నిరూపించునప్పటికి మఱి యేబది యేండ్లు పట్టెను.

గాజు పగులును, ఓడలో ఇంకను త్వరగా పగులును. 1810లోనే పీటర్ డ్యురాండ్ అనునతడు ఇంగ్లండున తగరపు పూత వేసిన ఇనుపరేకు పాత్రలకు పేటెంటు పొందెను. 1813 నాటికి లండనులో బ్రయాన్ డాంకిన్, జాన్ హాల్ అనువారి కార్ఖానా అట్టి డబ్బాలను సైన్యమునకు, నౌకాదళమునకు పంపుచుండెను. వినోదమేమనగా, డబ్బా పుట్టిన నలుబదియేండ్ల వఱకు దానిని తెఱచు సాధనము పుట్టలేదు. ఉలితోను, సుత్తితోను పైరేకును చుట్టును కోయవలెనని డబ్బాలపై వ్రాసెడివారు!

డబ్బా రహస్యము రెండు మాటలలో చెప్పవచ్చును. లోపలనున్న సూక్ష్మజీవులను వేడి చంపును. బయటివానిని మూత లోనికి రానీయదు. ఈ రెంటిలో ఏ యొకటి లోపించినను డబ్బా రక్షణ కాదు, ఆపదయే యగును. 1852 ఆరంభమున ఇంగ్లండు నౌకాదళమువారు తమ గిడ్డంగిలోని మాంసపు డబ్బాలను తెఱచి చూడగా, వానిలో అత్యధికము కుళ్లి దుర్గంధము వెదజల్లినవి. పెద్ద పెద్ద డబ్బాలలో నడిభాగమునకు వేడి చక్కగా అందకుండుట అట్టి చెడుగునకు ఒక కారణము.

మఱుగునీటి వేడికి సామాన్య సూక్ష్మజీవులు చచ్చును. కాని క్లాస్ట్రీడియం బొటులైనం అను ఒక జాతి బీజములు ఆ వేడిని తట్టుకొని బ్రదుకును. అవి గాలి లేనిచోటనే పెరిగి ఘోరమైన విషమును పుట్టించును. పప్పు, మాంసము, చేప, కూరగాయలు మొదలైన పులుపు లేని పదార్థముల డబ్బాలను ఈ కారణముచేత ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు కాచుదురు. మన ఇండ్లలోని ప్రెషరు కుక్కరు పనిచేయునదియు ఈ సూత్రముపైననే. చింతపండు, టమాట, మామిడి మొదలైన పుల్లని పదార్థములలో ఆ బీజము పెరుగజాలదు. కనుక వానికి అంత వేడి అక్కరలేదు. పప్పును ఇంటిలో ఉడికించి సీసాలో మూసి, అదియు డబ్బా ఆహారమేయని పడవపైకి ఎక్కించుట ఎంత ప్రమాదమో దీనివలన గ్రహింపవలెను.

నేటి సులభాహారములు

నేడు పడవలపైకి కొనిపోదగిన సిద్ధాహారములు ముఖ్యముగా మూడు తెగలు.

మొదటిది రేకుడబ్బా. చేపలు, సెనగలు, బఠాణీలు, పండ్లముక్కలు, పాలు దీనిలో దొరకును. ఇది బరువైనది; కాని దెబ్బలకు ఓర్చును, ఎలుకలకు లొంగదు. లోపలి ఆహారము వండినదే కావున వేడిచేయకయే తినవచ్చును.

రెండవది మెత్తని పొట్లము. ప్లాస్టిక్ పొరల నడుమ అల్యూమినియపు రేకునుంచి దీనిని తయారుచేయుదురు. పులావు, పప్పు, కూరలు ఇందులో నింపి, డబ్బాలవలెనే ఒత్తిడితో కాచుదురు. ఇది డబ్బాకంటె తేలిక. పలుచగా నుండుటచే త్వరగా వేడెక్కును. మూత విప్పకుండ సముద్రపు నీటిలోనే పెట్టి కాచుకొనవచ్చును. మంచినీరు ఆదా యగును. కాని మేకు మొన తగిలినచో చిల్లుపడును.

మూడవది నీరు తీసిన ఆహారము. ఉప్మా పిండి, పాలపొడి, సేమియా, ఎండబెట్టిన కూరలు, మన అటుకులు, పేలపిండి ఈ తెగలోనివే. బరువు అతిస్వల్పము. అయితే తినునప్పుడు నీరు కావలెను. ఆ నీటి బరువును లెక్కలో చేర్చనివాడు తన్ను తానే మోసగించుకొనును.

మన దేశమున ఈ విద్యకు మైసూరు పట్టణము పుట్టినిల్లు వంటిది. 1950లో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము, 1961లో సైనికుల ఆహారమునకై రక్షణశాఖవారి పరిశోధనాలయము అచ్చటనే నెలకొన్నవి. మంచుకొండలపైనను, జలాంతర్గాములలోను మన సైనికులు రొట్టె, కూర, పులావు తినగలుగుట అట్టి పరిశోధనల ఫలితమే.

2017 సెప్టెంబరు 10న మన నౌకాదళమునకు చెందిన ఆఱుగురు స్త్రీలు ‘తారిణి’ అను సుమారు 55 అడుగుల తెరచాప పడవపై గోవానుండి బయలుదేరి, భూగోళమును చుట్టి, 2018 మే 21న తిరిగివచ్చిరి. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన బి. ఐశ్వర్య మన తెలుగు ఆడుపడుచులు. న్యూజీలాండులోని లిటిల్టన్ రేవునుండి ఫాక్లాండు దీవులకు చేరుటకు వారికి దాదాపు 40 దినములు పట్టినది. ఆఱుగురికి నలుబది దినములన్నచో, దినమునకు మూడు చొప్పున 720 భోజనములు! దారిలో ఒక్క అంగడి లేదు. అంతయు రేవులోనే లెక్కించి సర్దుకొనవలసినదే.

చెడ్డ దినమునకు వంట

ఇంతవఱకు చెప్పినదానిలో ముఖ్యమైన పాఠము ఒకటి మిగిలియున్నది. పడవపై ఆహారమును మంచి దినమును తలచి కాక, చెడ్డ దినమును తలచి ఎంచుకొనవలెను. సముద్రము ప్రశాంతముగా నున్ననాడు చేపల పులుసు, అన్నము ఎవరైనను వండగలరు. గాలివాన పట్టి పడవ ఊగిసలాడుచుండగా పొయ్యి వెలిగింపరాదు; మఱుగు నీరు మీదబడిన నావికునకు నడిసంద్రమున వైద్యుడు లేడు. అట్టివేళ వణకు చేతులతో, చీకటిలో, తడిబట్టలతో తినదగినది దగ్గరనుండవలెను.

మన నౌకాదళపు అధికారి అభిలాష్ టోమీ 2012 నవంబరు 1న ముంబయినుండి ఒంటరిగా బయలుదేరి, ఎక్కడను ఆగక భూప్రదక్షిణము చేసి 2013 మార్చి 31న తిరిగివచ్చిన వీరుడు. ఆయన 2018లో మఱియొక ప్రపంచ పందెమున ‘తురీయ’ అను చిన్న పడవపై పోవుచుండగా, సెప్టెంబరు 21న దక్షిణ హిందూమహాసముద్రమున తుపాను పట్టి తెరచాపకొయ్యలు విఱిగినవి. వెన్నెముక దెబ్బతిని ఆయన లేచి నడువలేకపోయెను. అత్యవసరపు సంచి పడవలోనే యున్నను దానిని అందుకొనుట దుర్లభమైనది. చల్లని తేనీటి డబ్బాలు కొన్ని చేతికందగా, అవే త్రాగుచున్నట్లు ఆయన సందేశము పంపెను. మూడు దినములకు, సెప్టెంబరు 24న, ఒక ఫ్రెంచి ఓడ వచ్చి ఆయనను రక్షించెను. పడవనిండ ఆహారమున్నను చేతికందనిది లేనిదానితో సమానమని ఈ సంఘటన చాటుచున్నది. ఆయన స్వస్థుడై 2022లో అదే పందెమున మరల పాల్గొని, 2023లో రెండవ స్థానము పొందుట మనకు గర్వకారణము.

సామగ్రి సర్దు పద్ధతి

నలుగురు మనుష్యులు పది దినములు పోవు పడవను ఉదాహరణముగా తీసికొందము. త్రాగుటకును, వంటకును మనిషికి దినమునకు 4 లీటర్ల నీరు చొప్పున 160 లీటర్లు. బియ్యము మనిషికి 400 గ్రాముల చొప్పున 16 కిలోలు. యంత్రము చెడినను, గాలి ఎదురైనను ప్రయాణము పొడుగగును. కనుక సగము అదనముగా చేర్చినచో నీరు 240 లీటర్లు, బియ్యము 24 కిలోలు అగును. పప్పు, నూనె, చింతపండు, ఉప్పు మొదలైనవానిని ఇట్లే లెక్కింపవచ్చును. ఈ లెక్కను పిల్లలు ఇంట పెద్దవారికి వేసి చూపవచ్చును. పాఠశాలలో నేర్చిన త్రైరాశికము పడవపై ప్రాణరక్షకము కాగలదు.

ఇక సర్దుటలో పాటింపదగిన నియమములు ఇవి:

1. నీటిని ఒకే పీపాలో నింపరాదు. నాలుగైదు పాత్రలలో విభజించినచో ఒకటి కారినను తక్కినవి మిగులును. సముద్రపు నీటిలో లీటరునకు దాదాపు 35 గ్రాముల ఉప్పుండును. దానిని త్రాగినచో, ఆ ఉప్పును వెడలించుటకు శరీరము అంతకంటె ఎక్కువ నీటిని పోగొట్టుకొనును. ఎంత దాహమైనను దానిని త్రాగరాదు.

2. డబ్బాలు చిన్నవి కొనవలెను. తెఱచిన డబ్బా ఒక్కపూటలో పూర్తికావలెను; శీతలయంత్రము లేని పడవపై మిగిలినది దాచరాదు.

3. అడుగున తేమకు డబ్బాపైనున్న కాగితము ఊడిపోవును. అప్పుడు పప్పేదో పాయసమేదో తెలియదు. కావున మూతపై చెరగని సిరాతో పేరును, గడువు తేదీని వ్రాయవలెను.

4. అట్టపెట్టెలను రేవులోనే విడువవలెను. బొద్దింకలు, వాని గ్రుడ్లు ఆ మడతలలోననే పడవ నెక్కును.

5. బరువైన డబ్బాలు అడుగున, ఇరువైపుల సమానముగా సర్దవలెను. దిక్సూచి దగ్గర ఇనుపడబ్బాలు ఉంచరాదు. ముల్లు తప్పుదారి చూపును.

6. టిన్ ఓపెనరు రెండు తీసికొనవలెను. ఒకటి నీటిలో పడినను రెండవది యుండును.

7. డబ్బాలతోనే కాలము గడుపరాదు. వేడివలన సి విటమిను కొంత నశించును. నిమ్మకాయలు, ఉసిరికాయలు వెంట నుండవలెను. తడిగుడ్డలో పెసలు మూటగట్టినచో ఒకటి రెండు దినములలో మొలకలు వచ్చును. నడిసంద్రమున అదియే తాజా కూర.

8. ఉబ్బిన డబ్బాను, కారుచున్న డబ్బాను, తెఱవగానే చిమ్మిన డబ్బాను పారవేయవలెను. రుచిచూచి నిర్ణయింతమనరాదు. బొటులిజపు విషమునకు వాసన యుండవలెనను నియమము లేదు. రవ్వంత నాలుకకు తగిలినను ప్రాణాపాయము.

9. రెండు దినములకు సరిపడు అటుకులు, బెల్లము, వేరుసెనగలు, రెండు మూడు చిన్న డబ్బాలు, నీటిసీసాలు ఒక సంచిలో కట్టి, పడుకొనియున్నను చేతికందుచోట వ్రేలాడదీయవలెను. ఈ సంచిని మామూలు దినములలో ముట్టరాదు.

సిద్ధాహారములలో ఉప్పు హెచ్చుగా నుండునని కూడ గుర్తుంచుకొనవలెను. రక్తపుపోటు గలవారు వానినే నిత్యభోజనము చేసికొనరాదు. అవి ఆపదకు మిత్రములు. అనుదినమును అన్నము, పప్పు, కూరలకు సాటిరావు.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దల మాట. పడవ రేవున నుండగానే మూట సరిచూచుకొనవలెనని జాలరి యింటివారు దానిని మార్చి చెప్పుకొనవచ్చును. తల్లిదండ్రులారా! పైన వ్రాసిన జాబితాను మీ పిల్లలచేత చదివించి వినుడు. మీ అనుభవముచేత దానిలో చేర్పదగినవి వారిచేతనే వ్రాయింపుడు. విద్యార్థులారా! ఈ తడవ మీ యింటినుండి ఎవరైనను సముద్రమునకు పోవునప్పుడు ఆ తొమ్మిదవ నియమమునందలి సంచిని మీ చేతులతో కట్టియిండు. అది విప్పవలసిన అవసరమే రాకుండ, కట్టినది కట్టినట్లే ఇంటికి తిరిగివచ్చినచో అంతకంటె సంతోషము లేదు.